పదిహేడు మెట్ల ఫారం

మీతో కాబట్టి చెబుతున్నాను. ఇంకెవరితోనూ అనకండి.

నా విజిటింగ్ కార్డు మీద 'సొల్యూషన్ ఆర్కిటెక్ట్' అని బంగారు రంగు అక్షరాల్లో ఉంటుంది. ఆ హోదా మా కంపెనీ ఇచ్చింది కాదు. కువైట్‌లోని ఫర్వానియాలో ఓ ప్రింటింగ్ షాపువాడు ఇచ్చాడు, 200 కార్డులకు ఐదు దీనార్లు పుచ్చుకుని. కంపెనీ లెక్కల్లో నేను మామూలు జావా డెవలపర్ని. ఇకామాలో, అంటే ఇక్కడి నివాస అనుమతిలో అయితే అదీ కాదు, 'టెక్నీషియన్' అని ఉంటుంది. ఏసీలు బాగుచేస్తానో, లిఫ్టులు బాగుచేస్తానో చూసినవాళ్లే ఊహించుకోవాలి.

ఆ కార్డులు ఎందుకు వేయించానో చెబితే తప్ప మిగతా కథ మీకు ఎక్కదు. నేను ఒక ఫారం తయారుచేశాను. తయారుచేస్తూ చేస్తూ ఉండగా ఇంత గొప్ప ఫారం తయారుచేసేవాడు మామూలు డెవలపర్ అయి ఉండటానికి వీల్లేదని నాకే అనిపించింది. అప్పుడు వేయించాను. అదీ ఫారం పూర్తికాకముందే.

2016 ఫిబ్రవరి సంగతి. షర్క్‌లో మా ఆఫీసు. ఓ ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు ఆరోగ్య బీమా దరఖాస్తు ఒకటి పట్టుకొచ్చారు. నాలుగు పేజీల కాగితం, కుడివైపు అరబ్బీ, ఎడమవైపు ఇంగ్లిషు. దీన్ని వెబ్‌లో పెట్టాలి, ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. "మూడు వారాలు" అన్నాను. అక్కడిదాకా నేను బుద్ధిమంతుణ్ణే. ఆ మాట అని ఊరుకుని, ఆ మూడు వారాల్లో ఆ పని చేసి ఉంటే ఇవాళ మీకు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

మా బాసు ఈజిప్టు ఆయన. ఈజిప్టువాళ్లకి ఓ అలవాటుంది, ఇంజనీరు కనిపిస్తే చాలు 'బాష్‌ముహందిస్' అని పిలుస్తారు. పెద్ద ఇంజనీరు అని అర్థం. నలుగురు ఇంజనీర్లున్న గదిలో నలుగురూ పెద్ద ఇంజనీర్లే. ఆ మర్యాద అందరికీ వర్తిస్తుందని నాకూ తెలుసు. అయినా ఆయన "యా బాష్‌ముహందిస్, నువ్వు చూసుకో" అన్న ప్రతిసారీ ఆ పిలుపు నా ఒక్కడికే పుట్టించినట్టు ఉండేది. మా ఊళ్లో నన్నెవరూ అలా పిలిచి ఎరగరు. 'ఒరే పొట్టోడా' దగ్గర్నుంచి ఎడారి దాటి 'బాష్‌ముహందిస్' దాకా వచ్చినవాడికి కాళ్లు నేలమీద ఎలా ఆన్తాయండీ?

సరే, పని గురించి చెబుతాను. మెట్లు మెట్లుగా, ఒక్కో పేజీ చూపిస్తూ నింపించే ఫారాన్ని మావాళ్లు విజార్డ్ అంటారు. రైలు టికెట్టు బుక్ చేసినప్పుడు చూసే ఉంటారు: ఊరు, తర్వాత బండి, తర్వాత ప్రయాణికులు, చివర డబ్బులు. అందులో మళ్లీ కొంచెం తెలివైన రకం ఉంది. మీరు చెప్పిన జవాబుని బట్టి తర్వాతి మెట్టు మారుతుంది. కువైట్‌లో అది తప్పదు కూడా. ఇక్కడ మనిషి ఎవరో వీసా ఆర్టికల్ నంబరు చెబుతుంది. 18 అంటే ప్రైవేటు కంపెనీ ఉద్యోగి, మనవాళ్ల మాటలో షూన్ వీసా. 20 అంటే ఇంటిపని, ఖాదిమ్ వీసా. 22 అంటే మొగుడి మీదో తండ్రి మీదో ఆధారపడి వచ్చినవాళ్లు. 22 మీద ఉన్న ఇల్లాలిని జీతమెంతని అడిగితే అసహ్యంగా ఉంటుంది. ఆవిణ్ణి అడగాల్సింది భర్త సివిల్ ఐడీ నంబరు. పిల్లలుంటే ఒక్కొక్కరికీ ఓ పేజీ. ఒంటరి బ్రహ్మచారికి ఆ పేజీలే రాకూడదు.

ఇదంతా మేం వికెట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో చేసేవాళ్లం. పేరు విని క్రికెట్ గుర్తొస్తే తప్పు మీది కాదు. మా ఆఫీసులో ఇండియావాళ్లం ఎవరి ప్రోగ్రాం చెడినా "వికెట్ పడిందిరా" అని అరుచుకునేవాళ్లం. ఆ వికెట్‌ని జొనాథన్ లాక్ అనే ఆయన 2004లో మొదలుపెట్టాడు, 2007లో అపాచీవాళ్ల అగ్రశ్రేణి ప్రాజెక్టుల్లో చేరింది. అందులో విజార్డ్‌కి కావలసిన సరంజామా ముందే సిద్ధం చేసిపెట్టారు. విజార్డ్‌మోడల్ అని ఒకటుంది. మెట్లన్నీ వరసగా అందులో వేస్తాం. ఒక్కో మెట్టుకీ ఓ షరతు తగిలించొచ్చు. షరతు నిజమైతే ఆ మెట్టు వస్తుంది, లేకపోతే దాటుకుని తర్వాతిదానికి పోతుంది. అంతే. నా నాలుగు పేజీల కాగితానికి అచ్చంగా అదే కావాలి. కొలతలు తీసి కుట్టినట్టు ఉంది.

చదివాను. చదివి, "ఇంతేనా?" అనుకున్నాను.

ఈ 'ఇంతేనా' ఉందే, దీనంత పాడుమాట ఇంకోటి లేదు. సులువుగా కుదిరిన సంబంధాన్ని పెద్దవాళ్లు అనుమానంగా చూసినట్టు, సులువుగా దొరికిన దారిని నేనూ అనుమానంగానే చూశాను. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా? మీరూ చేసే ఉంటారు, మొహమాటపడకండి. ఇంట్లో కుక్కరు ఉండగా బిర్యానీకి రాగి హండా కొన్నవాళ్లు, పక్కవీధికి పోవడానికి మ్యాప్ పెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కినవాళ్లు మనలో ఎంతమంది లేరు!

ఆ పక్కనే డైనమిక్‌విజార్డ్‌మోడల్ అని మరోటి కనిపించింది. అందులో వరస ముందుగా ఉండదు. ప్రతి మెట్టూ తన తర్వాత ఎవరు రావాలో తనే నిర్ణయిస్తుంది, తనకి ముందు ఎవరున్నారో గుర్తుపెట్టుకుంటుంది. పేరులోనే డైనమిక్ ఉంది. నాకూ, దానికీ జాతకాలు కలిశాయనుకున్నాను. నాలుగు రోజులు దాంతో ఆడాక అదీ ఆనలేదు. ఈ ఒక్క ఫారమేనా, ప్రపంచంలోని ఏ ఫారాన్నయినా చేసిపెట్టే యంత్రాన్ని నేనే ఎందుకు కట్టకూడదు? ప్రశ్నలన్నీ ఓ ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో రాస్తాం. ఏ జవాబుకి ఎటు గెంతాలో చెప్పడానికి నా సొంత భాష. రేపు బ్యాంకు వస్తుంది, ఫైలు మారుస్తాం, బ్యాంకు ఫారం. ఎల్లుండి ఆసుపత్రి. ఆపైన ఖతార్, బహ్రెయిన్, సౌదీ.

దానికి 'విశ్వకర్మ' అని పేరు పెట్టాను. పేరు పెట్టిన రోజునే కార్డులు వేయించాను.

మూడు వారాలు అయిపోయాయి. విశ్వకర్మ ఇంకా పునాదుల్లోనే ఉన్నాడు. బాసు అడిగితే "ఇప్పుడు కష్టపడితే తర్వాత పదేళ్లు కష్టపడక్కర్లేదు" అన్నాను. ఆయన "మాషా అల్లా" అన్నాడు. ఆ మాటతో ఇంకో నెల సంపాదించాను.

ఏప్రిల్ 8, శుక్రవారం, ఉగాది. సెలవు రోజు పండగ కలిసొచ్చింది కాబట్టి మనవాళ్లంతా ఓ హాల్లో చేరారు. కొత్త ఏడాది పేరు దుర్ముఖి. కనీసం ఆ పేరు విన్నాకైనా నేను జాగ్రత్తపడాల్సింది. పంతులుగారు రాశి ఫలాలు చదువుతూ రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని చెబుతుంటే నేను పులిహోర వరసలో నిలబడి, ముందున్న ఆయనకి విశ్వకర్మ గురించి వివరిస్తున్నాను. ఆయన ఆయిల్ కంపెనీలో వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు. పాపం, పులిహోర దొరికేదాకా విన్నాడు. దొరకగానే మాయమయ్యాడు. వెళ్లేటప్పుడు ఓ కార్డు చేతిలో పెట్టాను. దాన్ని ఆయన విస్తరి కింద పెట్టుకోవడం కళ్లారా చూశాను, అయినా గాలికి విస్తరి ఎగరకుండా పెట్టుకున్నాడని సర్దిచెప్పుకున్నాను. ఏసీ హాల్లో గాలెక్కడిదండీ?

ఇంటి నుంచి ఫోన్లు. "ఏవండీ, ఆ ఫారం ఇంకా అవ్వలేదా? మా తమ్ముడు ఈలోగా అమెరికా వీసా ఫారం నింపాడు, ఇంటర్వ్యూకి వెళ్లాడు, రిజెక్టు కూడా అయిపోయాడు" అంది మా ఆవిడ. మామూలు ఫారానికీ, ఫారాలు కనే ఫారానికీ తేడా ఆవిడకేం తెలుసని జాలిపడ్డాను.

జూన్ 6న రంజాన్ నెల మొదలైంది. పనిగంటలు తగ్గాయి. ఎవరేం అడిగినా రంజాన్ అయ్యాకే. దేవుడిచ్చిన నెల అది. కోడ్‌ని ఓ కొలిక్కి తెచ్చుకోవడానికి వాడుకోవచ్చు. నేను దాన్ని ఇంకా చెడగొట్టడానికి వాడుకున్నాను. ఇక్కడ ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఆరుబయట కూలీలతో పని చేయించకూడదని ప్రభుత్వ నిషేధం ఉంది. మంచి చట్టం. ఏసీ గదుల్లో కూచుని పనికిమాలిన పని చేసేవాళ్లకీ అలాంటిదొకటి ఉంటే నేను బాగుపడేవాణ్ణి.

జూలైకి విశ్వకర్మ లేచి నిలబడ్డాడు. ఎక్స్‌ఎంఎల్ ఫైలు 2,300 వరుసలు. నాలుగు పేజీల కాగితం నా చేతిలో పదిహేడు మెట్లయింది. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మొదటి మెట్టు, సివిల్ ఐడీ. మనవాళ్లు బతాకా అంటారే, అది. నంబరులో 12 అంకెలు. మొదటి అంకె శతాబ్దం: 1900ల్లో పుడితే 2, ఆ తర్వాత పుడితే 3. దాని వెంట ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, రోజు. ఆపైన నాలుగంకెలు వరస నంబరు. చిట్టచివరిది సరిచూసుకునే అంకె: ముందున్న పదకొండింటినీ ఒక్కోదాన్ని ఒక్కో సంఖ్యతో గుణించి, అన్నీ కూడి, 11తో భాగించగా వచ్చిన శేషాన్ని 11లోంచి తీసేస్తే వస్తుంది. ఆ లెక్కంతా నాకు కంఠతా. ఒక్క అంకె తప్పు కొట్టారా, విశ్వకర్మ పట్టేస్తాడు.

రెండో మెట్టు, పుట్టిన తేదీ. మూడో మెట్టు, వయసు.

మీరు నవ్వుతున్నారు. నేను అప్పుడు నవ్వలేదు.

డెమో జూలై 21, గురువారం. కువైట్‌లో 2007 నుంచీ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి గురువారం వారానికి ఆఖరి రోజు. పదకొండు గంటలకి ఇన్సూరెన్స్ కంపెనీ మీటింగు గది. అరబ్బీ కాఫీ ఖహ్వా వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి, ముదీరా, అంటే మేనేజరమ్మ వచ్చింది. కువైటీ ఆవిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఇద్దరు అసిస్టెంట్లు. మా బాసు. నేను కార్డులు పంచాను. ల్యాప్‌టాప్ నేను నడుపుతానన్నాను. "లేదు, నేను చేసి చూస్తాను" అని ముదీరా కుర్చీ ముందుకి జరుపుకుంది.

భాష ఎంచుకోమంటే అరబ్బీ నొక్కింది. అక్షరాలన్నీ కుడి నుంచి ఎడమకి చక్కగా తిరిగాయి. నా గుండె పొంగింది. సివిల్ ఐడీ కొట్టింది, ఓ అంకె తప్పు కొట్టింది, విశ్వకర్మ పట్టాడు. "మాషా అల్లా" అంది. నేను బాసు వంక చూశాను, బాసు నా వంక చూశాడు. ఈ జన్మకి అది చాలు. అక్కడే కరెంటు పోయి ఉంటే ఎంత బావుండేదో.

తర్వాత ఆవిడ ముందుకెళ్లే బాణం నొక్కింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ నొక్కింది. మళ్లీ వెనక్కి. అక్షరాలు తిప్పాను గానీ బాణాలు తిప్పలేదండీ! అరబ్బీ చదివేవాళ్లకి ముందు అంటే ఎడమవైపు. ఆవిడ ఎడమ బాణాన్ని నమ్ముకుంది, నా ఎడమ బాణం వెనక్కి పోతుంది. "ఇది కాదండీ, అది" అని వేలు పెట్టి చూపించాను. ముందుకొచ్చింది. వచ్చేసరికి ఇందాక నింపినవన్నీ ఖాళీ. ఎందుకంటే నా యంత్రం ముందుకెళ్లిన ప్రతిసారీ మెట్టుని కొత్తగా పుట్టిస్తుంది, జవాబులేమో పాత మెట్టులో దాక్కుని ఉన్నాయి, పాత మెట్టేమో పోయింది. ఆవిడ మళ్లీ నింపింది. ఓర్పుగల మనిషి. బీమా సొమ్ము మెట్టు వచ్చింది. 12 దీనార్ల 375 ఫిల్సు రావాలి. తెర మీద 12.38. "ఈ ఐదు ఫిల్సు ఎక్కణ్ణించి వచ్చాయి?" అని అడిగింది. దీనారుకి వంద కాదు, వెయ్యి ఫిల్సులు. రూపాయల బుర్రతో నేను చుక్క తర్వాత రెండంకెలే పెట్టాను. కువైట్ దీనారుకి మూడంకెలని జావాకే తెలుసు, అడిగితే చెబుతుంది. జావా తినేది కువైట్ తిండి కాదు, ఉండేది కువైట్‌లో కాదు, దానికి తెలుసు. ఆరేళ్లుగా ఇక్కడి బకాలా కొట్లో చిల్లర లెక్కపెట్టుకుంటున్న నాకు తెలియలేదు. సరే, కుటుంబం మెట్టు. ఉదాహరణకి భార్య, నలుగురు పిల్లలు అంది. ఒక్కో పిల్లకీ పేజీ. నాలుగో పిల్లాడు అయ్యాక "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది యంత్రం. లేరు అని నొక్కింది. భార్య 22 కాబట్టి స్పాన్సరు మెట్టుకి గెంతింది. స్పాన్సరుకి కుటుంబం ఉందా అంది. ఉంది అని నొక్కింది. భార్య పేరు? పిల్లల పేర్లు? ఇంకెవరైనా ఉన్నారా? లేరు. స్పాన్సరుకి కుటుంబం ఉందా? ఉంది. భార్య పేరు? మూడో చుట్టులో నలుగురు పిల్లలు కాస్తా పన్నెండు మందయ్యారు. ఓ అసిస్టెంటు గోడ వైపు తిరిగి దగ్గుతున్నాడు. దగ్గు కాదు. ఆఖరి మెట్టు ఏదని ప్రతి మెట్టునీ నా యంత్రం అడుగుతుంది, ప్రతి మెట్టూ 'నేను కాదు' అంటుంది. పైగా ఒక్కో మెట్టూ తన ముందున్న మెట్టుని భుజాన వేసుకుని నడుస్తోంది, విక్రమార్కుడు శవాన్ని మోసినట్టు. ఆ ముందుది దాని ముందుదాన్ని మోస్తోంది. పాస్‌పోర్టు ఫోటోలు అందరి భుజాల మీదా ఉన్నాయి. వికెట్ పేజీని అడుగడుక్కీ మూటగట్టి డిస్కులో దాస్తుంది కదా, ఆ మూట ప్రతిసారీ బరువెక్కుతోంది. సర్వరు మూలుగుతోంది. "వెనక్కి పోయి మళ్లీ మొదలుపెడతాను" అని ఆవిడ బ్రౌజర్‌లో బ్యాక్ నొక్కింది. పేజీ మెరిసి మెరిసి మారుతుంటే నామోషీ అని అంతా ఎజాక్స్‌లో చేశాను, అందుకని బ్రౌజర్ దృష్టిలో పదిహేడు మెట్లూ కలిపి ఒకే పేజీ. బ్యాక్ నొక్కగానే భేతాళుడు చెట్టెక్కాడు. తెర మీద లాగిన్ పేజీ.

అప్పుడే జుహర్ అజాన్ వినిపించింది.

నా జీవితంలో ఏ మతం పిలుపూ నన్నంతలా ఆదుకోలేదు. నమాజుకి లేస్తూ ఆవిడే అంది, "మీరు అక్కడిదాకా తెచ్చి ఉంచండి, వచ్చి చూస్తాను." గబగబా కొత్త నంబరుతో ఎనిమిదో మెట్టుదాకా నింపి, ఈసారి బ్రహ్మచారి పేరు పెట్టి, ల్యాప్‌టాప్‌ని దేవుడి పటంలా ముందు పెట్టుకుని కూచున్నాను. ముట్టుకుంటే ఏమవుతుందోనని ముట్టుకోలేదు. అదే కొంప ముంచింది. ఆవిడ నమాజు చేసి, దారిలో ఎవరితోనో మాట్లాడి, నలభై నిమిషాలకి వచ్చింది. టామ్‌క్యాట్ సర్వరు ముప్ఫై నిమిషాలు ఎవరూ పలకరించకపోతే మనిషి పోయాడనుకుంటుంది. అది దాని పుట్టు అలవాటు, మార్చుకోవాల్సింది నేను. ఆవిడ కూచుని బాణం నొక్కింది.

పేజ్ ఎక్స్‌పైర్డ్.

అప్పుడు నేనో మాట అన్నాను. ఈ పదేళ్లలో ఎవరికీ చెప్పని మాట. "ఇది భద్రత కోసం పెట్టాం మేడం" అన్నాను.

ముదీరా నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బావుండేది. అసిస్టెంటుతో ఏదో చెప్పింది. అతను వెళ్లి పాత కాగితం ఫారం తెచ్చాడు. ఆవిడ పెన్ను తీసి, అదే భర్త, అదే భార్య, అదే నలుగురు పిల్లలు, అక్కర్లేని చోట ఓ అడ్డగీత, నాలుగు పేజీలూ నింపి నా వైపు తిప్పి పెట్టింది. గడియారం చూశాను. ఆరు నిమిషాలు. కింద సంతకం కూడా పెట్టింది, సరదాకి.

కారులో బాసు 'బాష్‌ముహందిస్' అనలేదు. వట్టి 'ముహందిస్' అని కూడా అనలేదు. పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు ఆయనకి తెలుసని నాకు ఆరోజే తెలిసింది.

ఆ సాయంత్రం రూములో టీవీ పెడితే కువైట్‌లో మిత్రిబా అనే చోట ఆరోజు ఎండ 54 డిగ్రీల దగ్గరికి వెళ్లిందని వార్త. తర్వాత ప్రపంచ వాతావరణ సంస్థ వాళ్లు పరికరాలన్నీ పరీక్షించి 53.9 అని 2019లో ఖాయం చేశారు. ఆసియాలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రతల్లో అదొకటి. మిత్రిబా దాకా ఎందుకు పోయారో నాకు అర్థం కాదు. ఆ మీటింగు గదికి వచ్చి నా చెవుల దగ్గర థర్మామీటరు పెట్టి ఉంటే ప్రపంచ రికార్డే వచ్చేది.

మా రూములో రాజంపేట అన్న ఒకాయన ఉండేవాడు. కువైట్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదట ఓ ఇంట్లో డ్రైవరు, అక్కడే అరబ్బీ పట్టుకున్నాడు. తర్వాత ఫర్వానియాలో టైపింగ్ షాపులో కుదిరాడు. ఆఫీసులకి ఇవ్వాల్సిన అరబ్బీ దరఖాస్తులు జనానికి నింపిపెట్టే షాపు. శుక్రవారం సాయంత్రం మొహం వేలాడేసుకుని కూచుంటే, "రాప్పా, షాపు కాడ టీ తాగుదువు గానీ" అని తీసుకెళ్లాడు. పిచ్చివేడి. సూర్యుడు దిగినా గోడలు ఇంకా పొయ్యిలాగే ఉన్నాయి.

నేను టీ గ్లాసు పట్టుకుని మూల స్టూలు మీద కూచున్నాను. ఓ రాయచోటి మనిషి వచ్చాడు, చేతిలో బతాకా. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెండ్లాం ఈడుందా, ఊర్లో ఉందా?"

"ఊర్లోనే అన్నా."

ఒక పేజీ మొత్తం మీద అడ్డగీత.

"సేటు అదేనా, మారినావా?"

"అదే అన్నా."

ఇంకో అర పేజీ మీద గీత. టకటకా కొట్టాడు. ప్రింటరు గుర్రుమంది. "ఈడ వేలిముద్ర, ఈడ సంతకం." అతను లేచిపోయేసరికి నా టీ ఇంకా పొగలు కక్కుతోంది. తర్వాత ఓ కేరళ నర్సు. తర్వాత ఓ బంగ్లాదేశీ. ఒక్కొక్కరికీ రెండు ప్రశ్నలు, మహా అయితే మూడు. ఎవర్నీ ఒక మాట రెండుసార్లు అడగలేదు. ఎవడైనా మధ్యలో ఫోను మాట్లాడటానికి బయటికి పోతే, కాగితాన్ని స్టాండు కింద పెట్టి ఇంకొకడిది చూశాడు. వాడు తిరిగొస్తే ఆగిన చోటునుంచే అందుకున్నాడు. పేజ్ ఎక్స్‌పైర్డ్ అనలేదు.

ఉండబట్టలేక ల్యాప్‌టాప్ తీసి విశ్వకర్మని చూపించాను. కళ్లజోడు సర్దుకుని మూడో మెట్టుదాకా చూసి ఆగాడు.

"నాయనా, బతాకా నంబర్లోనే పుట్టిన తేదీ ఉండాది గదా. మళ్లీ యాల అడుగుతాండావు?"

నేను మాట్లాడలేదు.

"అడిగినావు సరే. పుట్టిన తేదీ చెప్పినాక వయసు గూడా వాడే చెప్పల్నా? నీ మిషనుకు తీసివేత రాదా?"

నేను టీ తాగాను. అందులో టీ లేదు.

"బాగుంది లేప్పా" అన్నాడు, నా మొహం చూసి జాలేసినట్టుంది. "సదువుకున్నోళ్లు ఏదో ఒకటి చేస్తాంటారు."

శనివారం పొద్దున్న ఎవరూ లేని ఆఫీసుకి వెళ్లి కూచున్నాను. వికెట్‌లో ఆ మామూలు విజార్డ్‌మోడల్ ఫిబ్రవరిలో ఎక్కడ వదిలేశానో అక్కడే ఉంది, పుట్టింటికి పోని ఇల్లాలిలా. మెట్లు వరసగా వేశాను, ఒక్కో దానికీ షరతు తగిలించాను. పదిహేడు కాస్తా ఆరయ్యాయి. జవాబులన్నీ మెట్లలో కాకుండా పక్కన ఒకే దరఖాస్తు వస్తువులో పెట్టాను, మెట్లు వస్తాయి పోతాయి, జవాబులు ఉంటాయి. వెనక్కి నొక్కినా అప్పటిదాకా కొట్టింది దాచుకోమన్నాను. సగంలో లేచిపోతే చిత్తుప్రతిగా డేటాబేసులో ఉంచమన్నాను. ఫోటోల్ని భుజాల మీంచి దించాను. అరబ్బీకి బాణాలు తిప్పాను. చుక్క తర్వాత మూడంకెలు. పుట్టిన తేదీ, వయసు మెట్లు తీసేశాను, సివిల్ ఐడీ నంబర్లోంచే లాక్కున్నాను. తొమ్మిది పనిరోజులు పట్టింది. మూడు వారాలన్న మాట నిజానికి ఎక్కువే చెప్పానన్నమాట.

ఆగస్టులో ముదీరా మళ్లీ కూచుంది. ఈసారి నేను కార్డులు పంచలేదు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆవిడ "ఖలాస్?" అని అడిగింది, ఇంకా మెట్లుంటాయేమోనని. "ఖలాస్ మేడం" అన్నాను. ఎవరూ "మాషా అల్లా" అనలేదు. బాగా పనిచేసే ఫారాన్ని ఎవరూ మెచ్చుకోరండీ, దాన్ని గమనించను కూడా గమనించరు. ఇది నాకిప్పటికీ కొంచెం బాధే.

విశ్వకర్మని చంపలేదు. పెన్‌డ్రైవులో ఉన్నాడు. కార్డుల్లో నూట అరవై దాకా మిగిలాయి. అన్న వాటిని వెనక్కి తిప్పి షాపులో టోకెన్ నంబర్లు రాసుకుంటున్నాడు. ఫర్వానియాలో రాయచోటి, నెల్లూరు, కోనసీమ జనం చాలామంది నా హోదాని చేత్తో పట్టుకుని వరసలో నిలబడ్డారు.

మొన్న చలికాలం మొదలవగానే మనవాళ్లు వఫ్రా ఫార్మ్‌లో పిక్నిక్ అనుకున్నారు. పేర్లు రాసుకోవడానికి చిన్న ఫారం కావాలి, నువ్వు చేస్తావా అని అన్న ఫోను చేశాడు. ఎంతమంది వస్తారు, వెజ్జా నాన్‌వెజ్జా, అంతే.

"రెండు ప్రశ్నలే గదా అబ్బీ?"

"రెండే అన్నా."

రాత్రి కూచున్నాను. వెజ్ అన్నవాళ్లలో కొందరు గుడ్డు తింటారు కదా, దానికో చిన్న షరతు పెట్టాను. నాన్‌వెజ్‌లో చేప తినేవాళ్లు, తిననివాళ్లు. కార్తీకంలో మాత్రం తిననివాళ్లుంటారు, వాళ్లకి తేదీని బట్టి మారాలి. పిల్లలుంటే ఒక్కొక్కరికీ ఓ పేజీ. పెన్‌డ్రైవు ఏ సొరుగులో పెట్టానో వెతుకుతున్నాను.

అన్నతో అనకండి.